మాటలాడనివారెల్లరు బిడియస్థులు కారు

(మలంచాలో జరిగిన సాంస్కృతిక సభయందు చేసిన ప్రసంగపు పాఠము)

  

సాంస్కృతిక సభ యనగా మాటనేర్పరుల సభ. పద్యము చదువువారు, నాటకమాడువారు, హరికథ చెప్పువారు, చతురోక్తులతో పదిమందిని నవ్వించువారు, వీరివలననే మన సంఘము కళకళలాడుచున్నది. వారిని మనము ఏటేట సత్కరించుచునే యున్నాము. అది యుక్తమే. కాని ప్రతి సభయందును కడపటి వరుసలో, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుండి, కార్యక్రమమంతయు శ్రద్ధతో విని, ముగిసిన వెంటనే చడీచప్పుడు లేక ఇంటికి పోవువారు కొందరుందురు. వారిని గూర్చి ఎవరును ప్రసంగింపరు. వారును తమ్ము గూర్చి చెప్పుకొనరు. నేనును ఆ వరుసకు చెందినవాడనే. ఈ దినమున నేను మాటలాడెదనని తెలిసినప్పుడు మిత్రులు కొందరు ఆశ్చర్యపడి, "మీకు సభాకంపము లేదా?" అని అడిగిరి. లేదని చెప్పితిని. నమ్మినట్లు తోచలేదు. తక్కువగా మాటలాడువానికి మాటలాడుటయనిన భయమే యుండవలెనని మనలో చాలమందికి ఒక గట్టి నమ్మకము. ఆ నమ్మకమును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచినాను.

నేను చెప్పదలచిన విషయ మిది. బిడియము వేరు, అంతర్ముఖత వేరు. మొదటిది భయము, రెండవది అభిరుచి. బిడియస్థుడు మాటలాడవలెనని కోరుకొనును, కాని నోరు పెగలదు. అంతర్ముఖుడు మాటలాడగలడు, కాని ఊరక మాటలాడవలెనను కోరిక అతనికి తక్కువ. పైకి చూచువారికి ఇరువురును ఒక్కతీరుగానే కనబడుదురు. ఇరువురును పెళ్లిపందిట్లో ఒక మూల కూర్చుందురు. అయినను ఒకని లోపల గుండె దడదడ కొట్టుకొనుచుండును; మరొకని లోపల ప్రశాంతముగా నుండును. ఈ ఇరువురిని ఒక్క పేరుతో పిలిచినచో ఇద్దరికిని అన్యాయమే జరుగును.

మన భాషకు ఈ భేదము తెలియనిది కాదు. తెలుగులో మౌనమునకు దగ్గరిమాటలు ఎన్ని యున్నవో చూడుడు. సిగ్గు అనగా తగని పని జరిగినదేమో యను లజ్జ. జంకు అనగా ఎదుటివారివలన ఏమి ముంచుకొని వచ్చునో యను వెనుకంజ. మొహమాటము అనగా కాదని చెప్పలేకపోవుట. గలగల మాటలాడువారికిని మొహమాట ముండవచ్చును. బిడియము అనగా కొత్తవారి యెదుట, పెద్దల యెదుట మాట తడబడుట. ముభావము అనగా మనసు కష్టపడి మాట తగ్గించుట. మితభాషి యనగా అవసరమునకు మించి పలుకనివాడు. ఇన్ని మాటలు చేతిలో నుండియు, వాడుకలోనికి వచ్చునప్పటికి అన్నింటిని కలగలిపి "వాడికి సిగ్గెక్కువ" అని తేల్చివేయుచున్నాము. కొంచెము కోపము వచ్చినచో "బెల్లము కొట్టిన రాయి" అనుచున్నాము.

మన పట్టణములో ఈ పేర్లు ఇంకను పెరుగును. ఖరగ్‌పూరు బెంగాలు నాగపూరు రైల్వేవలన పెరిగిన పట్టణము. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి మన పెద్దలు ఉద్యోగముల కొరకు ఇచ్చటికి వచ్చి, మలంచా, మథురాకాటి, నింపురా మొదలగు పేటలలో స్థిరపడిరి. నేడు ఒక తెలుగువాని మౌనమునకు ఇచ్చట మూడు నాలుగు భాషలలో తీర్పు చెప్పబడుచున్నది. బెంగాలీ సోదరులు ఇట్టివానిని "ముఖ్‌చోరా" యందురు; ముఖము చాటు చేసికొనువాడని భావము. హిందీవారు "శర్మీలా" యందురు. అందులోను బెంగాలీవారి "అడ్డా" ప్రసిద్ధమైనది కదా! టీ కప్పు చేతబట్టి, ఫుట్‌బాలు మొదలుకొని ప్రపంచ రాజకీయముల వరకు గంటలతరబడి ముచ్చటించుకొనుట వారికొక కళ. మనవారి అరుగుమీది కబుర్లు దానికేమియు తీసిపోవు. ఇట్టిచోట మాటతక్కువ మనిషి ప్రతి సాయంకాలమును ఒక సంజాయిషీ ఇచ్చుకొనవలసి వచ్చుచున్నది.

అంతర్ముఖ శబ్దము మనకు కొత్తది కాదు. సృష్టికర్త ఇంద్రియములను బయటివైపునకు తెరచెననియు, ఎవడో యొక ధీరుడు మాత్రము చూపును లోనికి మరల్చుకొనెననియు కఠోపనిషత్తు చెప్పుచున్నది. అది ఆత్మవిచారమునకు సంబంధించిన మాట. మనము నేడు చెప్పుకొనుచున్న అర్థము వేరు; అది మనశ్శాస్త్రమునుండి వచ్చినది. స్విట్జర్లాండు దేశీయుడైన కార్ల్ గుస్టావ్ యుంగ్ 1921లో ప్రకటించిన గ్రంథమున మానవుల మనోవైఖరులను అంతర్ముఖము, బహిర్ముఖము అని రెండుగా విభజించి చూపెను. ఒకని మనశ్శక్తి బయటి మనుష్యులవైపు, వస్తువులవైపు ప్రవహించును. మరొకనిది తన లోపలి భావములవైపు మరలును. ఈ యుంగ్ మహాశయుడే 1938 ఆరంభమున భారత విజ్ఞాన మహాసభ రజతోత్సవ సందర్భమున కలకత్తాకు వచ్చియుండెను. ఈ విభాగమున భయము ప్రసక్తియే లేదని గమనింపుడు. అది మనసు మొగ్గుచూపు దిక్కును గూర్చిన మాట మాత్రమే.

తరువాత ఇంగ్లండులో హాన్స్ ఐజెంక్ ఈ భేదమును కొలతలకు లోబరచుటకు యత్నించెను. అంతర్ముఖుల మెదడు బయటి సందడికి త్వరగా ఉత్తేజితమగుననియు, అందుచేత వారు ఆ సందడిని తగ్గించుకొన జూతురనియు అతడు 1967లో వెలువడిన గ్రంథమున ప్రతిపాదించెను. ఆ సిద్ధాంతమునకు పిమ్మట వచ్చిన పరిశోధనలలో కొన్ని అనుకూలముగాను, కొన్ని ప్రతికూలముగాను ఉన్నవి. కాని అనుభవమున మనమెల్లరము చూచునది ఒకటి కలదు. విందు ముగిసిన పిదప కొందరు ఉత్సాహముతో ఇంకొకచోటికి పోదమందురు. కొందరు ఇల్లు చేరి తలుపు వేసికొని గంటసేపు ఒంటరిగా కూర్చున్నగాని తేరుకొనజాలరు. విందులో ఇరువురును సంతోషముగానే యుండిరి. ఒకరికి అది బలమిచ్చినది. మరొకరికి బలమును ఖర్చుచేయించినది. అంతియే భేదము.

బిడియమును, ఏకాంతప్రీతిని వేరుచేసి చూపిన పరిశోధన యొకటి చెప్పెదను. జోనాథన్ చీక్, ఆర్నాల్డ్ బస్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు 1981లో దానిని ప్రకటించిరి. ఒకరినొకరు ఎరుగని విద్యార్థినులను జంటలుగా కూర్చుండబెట్టి, వారి ముచ్చటలను పరిశీలించిరి. అందరికన్న ఎక్కువగా ఇబ్బందిపడినవారు ఎవరు? తోడు కోరుకొనుచు బిడియపడువారు! మాట తక్కువై, చూపు తప్పించుకొనుచు, చేతులు నలుపుకొనుచు వారే మిక్కిలి బాధపడిరి. అనగా మనుష్యులయందు ప్రీతి ఉండుట లేకుండుట ఒక విషయము. మనుష్యులవలన భయము ఉండుట లేకుండుట మరొక విషయము. ఒక మనిషికి ఈ రెంటిలో ఏదియో ఒకటి ఉండవచ్చును, రెండును ఉండవచ్చును, రెండును లేకపోవచ్చును.

శాస్త్రము కన్న జీవితములు మనకు సులభముగా బోధపడును. అందుచేత రెండు మూడు ఉదాహరణములు చెప్పెదను. మొదటిది గాంధీమహాత్మునిది. 1888 మొదలు 1891 వరకు లండనులో న్యాయశాస్త్రము చదువుచున్న కాలమున ఆయన శాకాహార సంఘపు కార్యవర్గములో సభ్యులు. సమావేశములకు తప్పక పోయెడివారు. ఎన్నడును నోరు విప్పలేకపోయెడివారు. చెప్పవలెనని లేక కాదు. ఒకమారు ఒక సభ్యుని సంఘమునుండి తొలగించు ప్రసక్తి వచ్చినప్పుడు, అది అన్యాయమని తోచి, తన అభిప్రాయమును కాగితముపై వ్రాసికొని పోయిరి. లేచి దానిని చదువు ధైర్యము చాలక మరొకరిచేత చదివింపవలసి వచ్చెను. బొంబాయిలో చేపట్టిన మొదటి వ్యాజ్యమున సాక్షిని ప్రశ్నించుటకు లేచి, తల తిరిగినట్లై, ఒక్క ప్రశ్నయు వేయక కూర్చుండిరి. ఇదంతయు ఆయన ఆత్మకథలో దాపరికము లేక వ్రాసికొనినదే. ఇది అచ్చమైన బిడియము. లోపల మాట ఉన్నది. వెలికి రానీయని భయమును ఉన్నది. ఆ భయము ఎట్లు సడలినది? 1893లో దక్షిణాఫ్రికాకు పోయి, ప్రిటోరియాలోని భారతీయుల స్థితిగతులను గూర్చి వారియెదుట ప్రసంగించినప్పుడు ఆయన తొలిసారి సభలో ధారాళముగా మాటలాడగలిగిరి. చెప్పవలసిన పని భయముకన్న పెద్దదైనప్పుడు భయము వెనుకకు తగ్గినది.

రెండవ ఉదాహరణము మనవారిది. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్య పదవి నధిష్ఠించి, 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. పిమ్మట మాస్కోలో రాయబారియై, ఉపరాష్ట్రపతియై, 1962లో రాష్ట్రపతియైరి. ఆయనవంటి వక్త ఆ తరములో అరుదు. అట్టి మహావక్త 1937లో వెలువడిన "మై సెర్చ్ ఫర్ ట్రూత్" అను స్వీయచరిత్రాత్మక వ్యాసమున తన్ను గూర్చి ఏమి చెప్పికొనిరి? తనకు విందులు, వినోదగోష్ఠులు రుచింపవనియు, బాగుగా నెరిగిన ఒకరిద్దరితో తప్ప తక్కినవారి నడుమ తనకు నెమ్మది యుండదనియు చెప్పిరి. అవసరమైనచో చిన్నను పెద్దను ఇట్టే కుదుటపరచు నేర్పు తనకు కలదనియు, అందుచేత లోకము తన్ను కలుపుగోలు మనిషిగా నెంచుచున్నదనియు చెప్పిరి. తన్ను అంతుచిక్కనివాడనియు, మనసులో ఆర్ద్రత లేనివాడనియు అనుకొనువారు కలరని కూడ వ్రాసి, తాను దానికి సరిగా వ్యతిరేకమైన స్వభావము కలవాడనని తెలిపిరి.

ఆ వ్యాసమున ఆయన తన స్వభావమును చెప్పుచు బిడియమను మాటను కూడ వాడిన మాట నిజము. నేను ముందే చెప్పినట్లు ఈ రెండును ఒక మనిషియందే ఉండవచ్చును. కాని వేలమంది యెదుట గంటసేపు ఒక్క కాగితము ముక్కయైన చూడక మాటలాడగల వానిని "మాటలాడ భయపడువాడు" అని ఎవరనగలరు? ఆయనకు కష్టమైనది వేదిక కాదు; వేదిక దిగిన తరువాతి సందడి. గాంధీగారికి ఆ వయస్సున కష్టమైనది వేదికయే. ఇరువురి మౌనమును ఒక్క త్రాసులో తూచుట ఎట్లు?

మూడవ ఉదాహరణము మన ఊరిది. బెంగాలీ సాహిత్యమున రవీంద్రుని తరువాతి మహాకవులలో నొకరైన జీవనానంద దాస్ 1950లో మన ఖరగ్‌పూరు కళాశాలలో ఆంగ్లోపన్యాసకుడుగా చేరి, కొద్ది నెలలు పనిచేసి, 1951 ఆరంభమున వీడిరి. ఆయన జనసమూహములకు దూరముగా మెలగు మనిషి. సమకాలికుడైన బుద్ధదేవ బసు ఆయనను అందరికన్న నిర్జనుడైన కవి యని వర్ణించెను. ఆయన 1954 అక్టోబరులో కలకత్తాలో ట్రాముబండి ప్రమాదమునకు లోనై మరణించిరి. మరుసటి సంవత్సరమున సాహిత్య అకాడమీ బహుమానము ఆయన శ్రేష్ఠ కవితల సంపుటికి లభించినది. తరువాత ఆయన వ్రాతపెట్టెలు తెరచి చూడగా, జీవితకాలమున ఎవరికిని చూపని కథలు, నవలలు రాశులుగా బయటపడెను. వానిలో "మాల్యవాన్" అను నవల 1973లో అచ్చయినది. ఒక మౌని పెట్టెలో ఏమి యున్నదో ఇరుగుపొరుగువారికి తెలియదు. మన కళాశాల వరండాలలో ఆ కొద్ది నెలలు ఆయన ప్రక్కనుండి నడచిపోయినవారికి మాత్రము ఏమి తెలిసి యుండును?

ఇంతమాత్రమున మౌనులెల్లరు మహాకవులని నా అభిప్రాయము కాదు. "నిండుకుండ తొణకదు" అను సామెత మనకు కలదు. మేము దానిని అడ్డుపెట్టుకొని గర్వపడుటయు కలదు. కాని ఖాళీకుండయు కదలించనిచో తొణకదు కదా! మౌనము గొప్పతనమునకు గుర్తు కాదు. కొరతకును గుర్తు కాదు. అది ఒక స్వభావము. దానియందలి మంచిచెడ్డలు మనిషిని బట్టియే యుండును.

సోదరులారా! మన పట్టణములో మౌనమునకు మరియొక కారణమును కలదు. అది భాష. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ లేక ఇంగ్లీషు. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు ఆమోదించినది. అది మనకు సంతోషకరమే. కాని ఐదేండ్ల పిల్లవానికి బడిలో మొదటి దినమున అది అక్కరకు రాదు. కొత్తభాష నడుమ పడిన పిల్లవాడు కొన్నాళ్లు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, వినుచు ఊరకుండుట సహజము. వాడు లోపల మాటలను కూర్చుకొనుచుండును. ఆ సమయమున ఉపాధ్యాయులు "ఈ పిల్లవాడు బిడియస్థుడు" అని చెప్పుట, తల్లిదండ్రులు దానిని నమ్మి ఇరుగుపొరుగువారికి చెప్పుట, వాడు వినుచుండుట జరుగుచున్నది. పదిమంది పదిసార్లు నీవు భయస్థుడవని చెప్పినచో, భయములేని పిల్లవాడును తనయందు భయమున్నదని నమ్మును. ముందు పేరు పుట్టును. పిదప గుణము పుట్టును. ఇందులో నేను చూచుచున్న పెద్ద నష్ట మిదియే.

ఇక మన కార్యాలయముల విషయము. ఇచ్చట కూర్చున్నవారిలో రైల్వేవారు, తపాలావారు, ఐ.ఐ.టి.వారు, తక్కిన కేంద్ర ప్రభుత్వ శాఖలవారు కలరు. మీలో కొందరు వార్షిక నివేదికలు వ్రాయువారు, కొందరు వ్రాయించుకొనువారు. దేవదత్తు వ్యాజ్యమున 2008లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పును అనుసరించి, 2009 నుండి నివేదిక పూర్తిగా ఉద్యోగికి చూపబడుచున్నది. అందు పనికి నూటికి 40 పాళ్లు, వ్యక్తిగుణములకు 30, వృత్తిసామర్థ్యమునకు 30 పాళ్లు విలువ కట్టు పద్ధతి ఏర్పడినది. ఆ వ్యక్తిగుణములలో భావవ్యక్తీకరణ, నాయకత్వము, ఇతరులతోడి సంబంధములు కలవు. అవి ఉండవలసినవే. కాని వ్రాయు అధికారి కలుపుగోలుతనమునకును నాయకత్వమునకును గల భేద మెరుగనిచో, ఆ 30 పాళ్లలో మితభాషి ఊరకయే నష్టపోవును. నేను ఒకప్పుడు పనిచేసిన కార్యాలయమున (దాని పేరు ఇచ్చట అనవసరము) నా పని నిర్దుష్టముగా నున్నదని వ్రాసి, క్రింది గడిలో "ఆత్మవిశ్వాసము తక్కువ" అని చేర్చిరి. అందుకు ఆధారముగా చూపబడిన విషయ మొక్కటియు లేదు. మధ్యాహ్నపు టీ గుంపులో నేను కనబడకపోవుటయే ఆధారమని తరువాత ఒక సహోద్యోగి చెప్పెను.

2016 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వపు క్రిందితరగతి ఉద్యోగములకు మౌఖిక పరీక్షలను ఎత్తివేసిన సంగతి మీరెరుగుదురు. లంచగొండితనమును, పక్షపాతమును అరికట్టుటకు అది చేయబడినది. దానివలన మా వరుసవారికి అనుకోని మేలొకటి కలిగినది. పదినిమిషముల మాటకారితనము కాక, వ్రాతపరీక్షయందలి పరిజ్ఞానమే లెక్కకు వచ్చుచున్నది.

మన రైల్వే పనిలోనే చూడుడు. ఇంజను నడుపు లోకో పైలటును, అతని సహాయకుడును దారిలోని ప్రతి సిగ్నలు వన్నెను ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొనవలెనని నియమము. ప్రక్క స్టేషనులతో లైను క్లియరు మాటలాడు స్టేషను మాస్టరు ప్రైవేటు నంబరును తప్పులేక చెప్పి, విని, వ్రాసికొనవలెను. ఇచ్చట అవసరమైన మాట ఒక్కటియు విడువరాదు. అనవసరమైన మాట ఒక్కటియు కూడదు. ఇట్టి పనులలో జీవితమంతయు గడపి, ఒక్క పొరపాటును చేయక పదవీ విరమణ చేసిన మితభాషులు మన పేటలలో ఎందరో కలరు. అవసరమైనచోట వారి నోరు ఎన్నడును మూగపోలేదు. సాయంకాలము అరుగుమీద మాత్రము వారు మాటలాడలేదు.

ఇంటివిషయము చెప్పి ముగించెదను. మన ఆడపిల్లల స్థితి మరింత విచిత్రము. పెళ్లిచూపులనాడు పిల్ల తలవంచుకొని మాటలాడకున్నచో "ఎంత అణకువ!" అని మెచ్చుకొందురు. ఆ పిల్లయే కోడలై వచ్చి, అదే స్వభావముతో తన గదిలో కూర్చుండి పుస్తకము చదువుకొన్నచో "ఎంత గర్వము!" అందురు. పిల్ల మారలేదు; పేరు మారినది. మగపిల్లవాడైనచో "నోట్లో నాలుక లేనివాడు, ఎట్లు బ్రతుకును?" అని బంధువులు జాలిపడుదురు. ఎవరును ఆ పిల్లను గాని పిల్లవానిని గాని "నీకు ఎట్లున్నది?" అని అడుగరు. అడిగినచో తెలియును. "నాకు ఇట్లే బాగున్నది" అని చెప్పినచో అది అంతర్ముఖత. "నాకును అందరితో కలియవలెనని ఉన్నది, కాని కాళ్లు చేతులు వణకుచున్నవి" అని చెప్పినచో అది బిడియము.

రెంటికి చేయవలసిన పని వేరు. బిడియస్థునకు ధైర్య మియ్యవలెను. ముందు ఇంటివారి యెదుట, తరువాత నలుగురి యెదుట, పిమ్మట సభలో, మెట్టుమెట్టుగా అలవాటు చేయవలెను. ఒక్కసారిగా వేదికమీదికి నెట్టినచో భయము ముదురును. ఆ భయము మితిమీరి చదువునకు, ఉద్యోగమునకు అడ్డుపడినచో అది చికిత్సకు లొంగు వ్యాధియని వైద్యులు చెప్పుచున్నారు; 1980 నుండి అమెరికా మనోవైద్యుల వ్యాధిపట్టికలో అది చేరియున్నది. "వాడి స్వభావమే అంత" అని అట్టివానిని విడిచిపెట్టుట దయ కాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో ఖర్చులేక సలహా లభించును. అంతర్ముఖునకు మాత్రము చికిత్స అక్కరలేదు. కొంచెము చోటు చాలును. రోజునకొక గంట ఏకాంతము, ఆలోచించుకొని బదులు చెప్పుటకు వ్యవధి, సభకు రానందుకు సంజాయిషీ అడుగకుండుట, ఇవి చాలును. బిడియస్థుని ఒంటరిగా వదలివేయుటయు, అంతర్ముఖుని బలవంతముగా గుంపులోనికి లాగుటయు, మనము మంచి చేయుచున్నామనుకొనుచు చేయు రెండు పొరపాట్లు.

ఇంతవరకు మాటకారులకు చెప్పితిని. నా తోడి మితభాషులకును ఒక మాట చెప్పకున్న పక్షపాతమగును. మన మౌనము మనకు సుఖము; కాని ఎదుటివానికది మూసిన తలుపు. లోపల ఎవరున్నారో, కోపముతో నున్నారో, ప్రేమతో నున్నారో అతనికెట్లు తెలియును? "నాకు కోపము లేదు, కొంచెము సేపు ఒంటరిగా నుండవలెనని ఉన్నది" అను ఒక్క వాక్యము చెప్పుటకు ఎంత శ్రమ? పొరుగింటిలో కష్టము వచ్చినప్పుడు పోయి నిలుచుండుటకు వక్తృత్వ మక్కరలేదు. అన్యాయము జరుగుచున్నచోట మాత్రము మాటలాడియే తీరవలెను. అచ్చట స్వభావము సాకు కారాదు. 1920వ దశకములో ఈ బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల పక్షమున గొంతెత్తి, వారి ఉద్యమమునకు నాయకత్వము వహించి, 1969లో రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు తెలుగువారే. అట్టి గొంతు లేకున్న మన పెద్దలకు న్యాయము దొరకియుండదు. అయితే ఏ సంఘమైనను గొంతొక్కదానితో నడువదు. చందాలు లెక్కవ్రాయుటకు, తీర్మానములకు నకళ్లు తీయుటకు, రోగుల ఇండ్లకు పోయి వచ్చుటకు చప్పుడు చేయని చేతులును కావలెను.

కావున మన సంఘమునకు నాదొక చిన్న మనవి. క్రొత్తగా బదిలీపై వచ్చిన తెలుగు కుటుంబమును మొదటి సభలోనే వేదికపైకి పిలిచి పరిచయము చేసికొమ్మని నిర్బంధింపకుడు. ఒకరిద్దరు వారి ఇంటికి పోయి పలుకరించిన చాలును. పిల్లల పోటీలలో పద్యపఠనముతోపాటు వ్యాసరచనకు, చిత్రలేఖనమునకు సమానమైన బహుమానము లుంచుడు. గ్రంథాలయపు గదిని సభలు లేని దినములలోను తెరచియుంచుడు. అచ్చట కూర్చుండి చదువుకొనువానిని కూడ సంఘ కార్యక్రమములలో పాల్గొనుచున్నవానిగానే లెక్కింపుడు. ఎవరైనను మాటలాడకున్నచో, పేరు పెట్టుటకు ముందు కారణ మడుగుడు. అడిగి, బదులు వచ్చువరకు కొంచెము ఓపిక పట్టుడు. మావారికి బదులు చెప్పుటకు కొంత ఆలస్యమగును; కాని చెప్పునది ఆలోచించియే చెప్పుదురు.